బయోన్‌లో నాన్న తాగిన చాక్లెట్

ఫ్రాన్స్‌లో హాట్ చాక్లెట్ ఎక్కడ తాగాలి అని ఎవరినడిగినా ముందు పారిస్‌లోని ఆంజెలినా పేరే చెబుతారు. రివోలీ వీధిలో, త్విలరీ తోటకు ఎదురుగా 1903 నుంచి ఉన్న షాపు అది. ఆస్ట్రియా నుంచి వచ్చిన రుంపెల్‌మాయర్ అనే మిఠాయి వ్యాపారి పెట్టాడు. కోడలి పేరే దానికి పెట్టాడంటారు. తులూజ్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు పని మీద పారిస్ వెళ్లినప్పుడు, కొలీగ్స్‌తో కలిసి నేనూ అక్కడ క్యూలో నిలబడ్డాను. జగ్గులో తెచ్చిన చాక్లెట్ చెంచా నిలబడేంత చిక్కగా ఉంది. దాంతోపాటు అక్కడ అందరూ తప్పకుండా తెప్పించుకునే మోంబ్లాన్ అనే స్వీటు. అడుగున గుడ్డు తెల్లసొన, పంచదార గిలక్కొట్టి కాల్చిన మెరింగ్, దాని మీద గిలక్కొట్టిన క్రీమ్, ఆ పైన సన్నటి పోగులుగా వత్తిన చెస్ట్‌నట్ ముద్ద. బాగుంది, కాదనను. కానీ ఆ రెండూ ఒకేసారి కడుపులో పడితే ఆ పూటకి అన్నం సంగతి మర్చిపోవాల్సిందే. ఇప్పుడు తలుచుకుంటే ఆ తీపి తప్ప ఇంకేమీ గుర్తుకు రావడం లేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది బయోన్. నైరుతి మూలన, స్పెయిన్ సరిహద్దుకు దగ్గరలో, బాస్క్ వాళ్లుండే ప్రాంతంలోని చిన్న ఊరు. 2017 సెప్టెంబరులో అమ్మానాన్నలు నా దగ్గరికి వచ్చినప్పుడు వాళ్లను అక్కడికి తీసుకెళ్లాను. ఈఫిల్ టవర్ ముందు ఫొటోలు కూడా ఉన్నాయి లెండి, అవి బంధువుల కోసం.

బయోన్ ఎందుకో చెప్పాలంటే ముందు మా తోట గురించి చెప్పాలి. మాది ద్వారకా తిరుమల దగ్గర పల్లె. అప్పుడు పశ్చిమ గోదావరి, ఇప్పుడు ఏలూరు జిల్లా. నేను హైస్కూల్లో ఉండగా నాన్న కొబ్బరి చెట్ల మధ్య కోకో వేశారు. కొబ్బరి నీడలో బాగా వస్తుంది, తోట ఖాళీగా ఉండదు, కంపెనీ వాళ్లు కొనుక్కుంటారు అని ఎవరో చెబితే ఊళ్లో చాలామంది వేశారు. చెట్టు మొదలుకే కాయలు కాయడం చూసి మేం పిల్లలం భలే ఆశ్చర్యపోయేవాళ్లం. పండిన కాయను రాయికేసి కొడితే లోపల ముప్పై నలభై గింజలు, వాటి చుట్టూ తెల్లటి గుజ్జు. ఆ గుజ్జు పుల్లతీపిగా ఉంటుంది. చప్పరించి గింజ ఉమ్మేస్తే నాన్న కేకలేసేవారు. "గుజ్జు తినండి, నేనొద్దన్నానా? గింజ మాత్రం గంపలో వెయ్యండి!"

ఆ గింజల్ని వెంటనే ఎండబెట్టకూడదు. అరిటాకులు పరిచిన గంపల్లో పోసి, పైన గోనె పట్టాలు కప్పి పులియబెట్టాలి. మొదటి రోజు కల్లు వాసన. తర్వాత తర్వాత వెనిగర్‌లా ముక్కుపుటాలు అదిరే పులుపు. కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. మధ్యమధ్యలో తిరగెయ్యాలి, లేకపోతే అడుగునున్నవి మాగవు. ఆరు రోజులు గడిచాక తీసి టార్పాలిన్ మీద ఎండబెడితే, అప్పటిదాకా మబ్బు జాడ లేని ఆకాశం సరిగ్గా ఆ మధ్యాహ్నమే నల్లబడేది. ఇంటిల్లిపాదీ పరుగులు! కొనడానికి వచ్చినాయన గుప్పెడు గింజలు తీసుకుని ఒక్కొక్కటీ చాకుతో చీల్చి చూసేవాడు. లోపల గోధుమ రంగుంటే బాగా పులిసినట్టు. ఊదా రంగుంటే పచ్చిగా ఉన్నట్టు, రేటు తగ్గినట్టు. నాన్నకు చీల్చక్కర్లేదు. గింజల్ని పిడికిట్లో పట్టుకుని వాసన చూసి చెప్పేసేవారు.

ఇంత చేసినా మా ఇంట్లో చాక్లెట్ అంటే బడ్డీ కొట్లో దొరికే బిళ్లే. ఒకసారి రైతుల మీటింగులో ఇచ్చారని నాన్న పెద్ద చాక్లెట్ బార్ తెచ్చారు. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని కాసేపు చప్పరించి, "పాలూ పంచదారా తెలుస్తున్నాయి గానీ, మన గింజేదిరా ఇందులో?" అన్నారు. నేను కిటికీ గట్టు మీద కూర్చుని మిగతాది మొత్తం లాగించేస్తున్నాను, జవాబు చెప్పే తీరికెక్కడిది!

వీసా టెన్షన్, ఆవకాయ సీసా పగలకుండా చీరల్లో చుట్టిన అమ్మ ప్యాకింగ్, ఇవన్నీ అందరిళ్లలోనూ జరిగేవే. తులూజ్ వచ్చిన వారానికి నాన్నకు ఇంట్లో ఊపిరాడలేదు. శనివారం పొద్దున్నే ముగ్గురం రైలెక్కాం. తులూజ్ నుంచి బయోన్‌కి మూడు గంటలు పైనే పడుతుంది. ఒకవైపు పిరనీస్ కొండలు, ఇంకోవైపు మొక్కజొన్న చేలు. మధ్యలో లూర్డ్ స్టేషన్ వచ్చింది. "అమ్మా, మన గుణదల మేరీమాత ఈ ఊరావిడే" అన్నాను. విజయవాడలో ప్రతి ఫిబ్రవరిలో జరిగే ఉత్సవం ఈ లూర్డ్ మాత పేరు మీదే. అమ్మ వెంటనే చెప్పులు విడిచి, సీట్లో కూర్చునే కిటికీలోంచి దణ్ణం పెట్టుకుంది. "దిగి చూసొద్దామా?" అంది. నాన్న, "చిన్న తిరుపతి పక్కనుండి ఏడాదికోసారి కొండెక్కవు గానీ, ఇక్కడ దిగుతావా?" అన్నారు. ఎదురు సీటు ఫ్రెంచ్ పెద్దావిడకు ఏమర్థమైందో గానీ నవ్వింది.

బయోన్ స్టేషన్ అదూర్ నదికి అవతలి ఒడ్డున, సాంతెస్ప్రీ అనే పేటలో ఉంటుంది. పాత ఊళ్లోకి వెళ్లాలంటే పొడుగాటి వంతెన దాటాలి. ఫ్రాన్స్‌కి చాక్లెట్ విద్య వచ్చింది ముందు ఈ పేటకే అంటారు. స్పెయిన్, పోర్చుగల్‌లలో మతం పేరుతో వేధిస్తే పారిపోయి వచ్చిన యూదులు పదిహేడో శతాబ్దంలో ఇక్కడ స్థిరపడ్డారు. కోకోని నూరి చాక్లెట్ చేసే పని వాళ్లకు వచ్చు. నదికి ఇవతల ఊళ్లో కాపురం ఉండటానికి వాళ్లకు అనుమతి లేదు. పగలు వచ్చి పని చేసుకుని, మళ్లీ వంతెన దాటి వెళ్లిపోవాలి. ఊళ్లోవాళ్లు వాళ్ల దగ్గరే పని నేర్చుకుని, 1761లో సంఘం పెట్టి, యూదులు ఊళ్లో చాక్లెట్ అమ్మకూడదని అడ్డుపడ్డారు. వాళ్లు ఊరుకోలేదు. 1767లో బోర్డో కోర్టు ఆ సంఘాన్ని కొట్టేసింది.

వంతెన మీద గాలికి పంచె ఎగరకుండా పట్టుకుని నాన్న ఇదంతా శ్రద్ధగా విన్నారు. (అవును, పంచే. ప్యాంటు వేసుకోమని అమ్మ ఎంత బతిమాలినా వినలేదు.) "అంటే, పని నేర్పినోడినే గెంటెయ్యాలని చూశారన్నమాట," అన్నారు. కాస్త ఆగి, "కోర్టులో ఆరేళ్లలో తేలిందా! మన గట్టు తగాదా ఎన్నేళ్లయిందో లెక్కేసుకో" అన్నారు.

పాత ఊరు చూడముచ్చటగా ఉంటుంది. ఇరుకు వీధులు, ఎరుపూ ఆకుపచ్చ తలుపుల కిటికీలతో ఎత్తయిన ఇళ్లు. ఒక కొట్టు ముందు ఎర్రటి మిరపకాయలు దండలు గుచ్చి వేలాడదీసి ఉన్నాయి. మా వాళ్లిద్దరూ అక్కడే ఆగిపోయారు. అవి ఎస్పెలెట్ మిరపకాయలు. పక్కనే కొండల్లో ఉన్న ఎస్పెలెట్ ఊరి పేరే వాటికి వచ్చింది. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఆ ప్రాంతంలో ఇళ్ల గోడల నిండా ఈ దండలే ఎండుతుంటాయి. కొట్టతను చిన్న గరిటెతో పొడి ఇచ్చాడు రుచి చూడమని. అమ్మ నాలిక మీద వేసుకుని, "రంగుంది, వాసనుంది. కారమేది నాయనా?" అంది తెలుగులోనే. అతను "వీ, వీ" అని తలూపాడు. గుంటూరు మిరప తిన్న నోరు మరి. ఎస్పెలెట్ వాళ్లు కారం కోసం పండించరు, ఆ కమ్మదనం కోసం పండిస్తారు. అది చెప్పినా అమ్మ ఒప్పుకోలేదు.

పోర్-నఫ్ వీధికి ఒక పక్కంతా కమానులు, వాటి కింద వరసగా చాక్లెట్ షాపులు. ఎండ పడని ఆ నడవలో కాల్చిన కోకో వాసన. ఒక షాపు అద్దాల వెనక పాత సామాన్లు పెట్టారు. అందులో కొయ్యతో చేసిన పరికరం ఒకటి చూసి అమ్మ, "ఒరేయ్, కవ్వం!" అంది. నిజంగానే మజ్జిగ చిలికే కవ్వంలా ఉంది. పొడుగాటి కర్ర, కింద గాట్లు పెట్టిన తల. దాన్ని రెండు అరచేతుల మధ్య తిప్పి చాక్లెట్‌కి నురగ తెప్పించేవారు. మెక్సికోలో చాక్లెట్‌ని నురగతోనే తాగేవారు. ఆ అలవాటు స్పెయిన్‌కి, అక్కడినుంచి ఇటూ వచ్చింది.

ఆ నురగ ఇప్పటికీ వదలని షాపు కాజనావ్. అదే వీధిలో ఉంది, 1854లో పెట్టారు. ముందు వైపు చాక్లెట్లు అమ్మే కౌంటరు, లోపల కూర్చుని తాగే గది. గోడలకు అద్దాలు, రంగుల గాజు పలకలు, దగ్గరదగ్గరగా చిన్న బల్లలు. గట్టిగా మాట్లాడాలంటే మొహమాటంగా ఉండే చోటు. అమ్మ చెవిలో చెప్పినట్టే, "కాఫీ ఉందేమో కనుక్కో" అంది. నేను మూడు నురగ చాక్లెట్లు, టోస్టులు చెప్పాను.

గులాబీ పూలు వేసిన పింగాణీ కప్పుల్లో వచ్చాయి. కప్పు అంచు దాటి పైకి లేచి, గోపురంలా నిలబడిన నురగ. యంత్రంతో తీసిన కాఫీ నురగలా తెల్లగా, పొడిగా ఉండదు. గోధుమ రంగులో, చిన్నచిన్న బుడగలతో, దగ్గరగా చూస్తే మెరుస్తూ ఉంటుంది. పక్కనే చిన్న గిన్నెలో శాంతియీ అనే గిలక్కొట్టిన తీపి క్రీమ్, తలా ఒక గ్లాసు మంచినీళ్లు, వెన్న రాసిన వేడివేడి టోస్టులు. నురగను చెంచాతో తీసుకుంటే నాలిక మీద పెట్టగానే మాయమవుతుంది, చేదు మాత్రం ఉండిపోతుంది. దాని కింద ఉన్న చాక్లెట్ నల్లగా, చిక్కగా ఉంది గానీ ఆంజెలినాలోలా బరువుగా లేదు. తీపి చాలా తక్కువ.

నాన్న ముందు తాగలేదు. కప్పు రెండు చేతులతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పై పెదవికి నురగ అంటుకుంది. ఒక గుక్క తాగి, గొంతులోనే కాసేపు ఉంచుకుని మింగారు. మళ్లీ ఇంకో గుక్క. మేమిద్దరం ఆయన మొహమే చూస్తున్నాం.

"ఏరా, ఇందులో కుప్ప వాసన ఉంది," అన్నారు.

"ఏం కుప్ప, నాన్నా?"

"మూడో రోజు తిరగేస్తే వస్తుంది చూడు, ఆ పులుపు. అడుగున సన్నగా తగులుతోంది. బాగా మాగిన గింజరా ఇది. తొందరపడి ఎండబెట్టలేదు."

నేనూ మళ్లీ తాగి చూశాను. చిన్నప్పటినుంచీ ఆ గంపల పక్కనే తిరిగినా నాకు ముందు చేదే తెలిసింది. ఆయన చెప్పాక, చేదు తగ్గిన తర్వాత నాలిక పక్కల్లో సన్నటి పులుపు తగిలింది. చాక్లెట్ రుచికి అసలు పునాది ఈ పులియబెట్టడమే అని తర్వాతెప్పుడో చదివాను. పులియని గింజని ఎంత వేయించినా ఆ రుచి రాదు. అప్పటికి ఆయన ఒక్క ముక్కా చదవలేదు.

అమ్మకు నచ్చలేదు. "కషాయంలా ఉంది" అని ఆ క్రీమంతా కప్పులో వేసుకుని, బ్యాగులోంచి పంచదార పొట్లం తీసింది. ఆ పొట్లం ఎక్కడిదో నేనడగలేదు, విమానంలోదే అయ్యుంటుంది. టోస్టు మాత్రం ముట్టుకోలేదు. శనివారం కదా, గుడ్డేమైనా కలిపుంటారని అనుమానం. ఆమె వాటా కూడా నాన్నే తిన్నారు. వెన్న రాసిన టోస్టుని చాక్లెట్‌లో ముంచుకుని తినడం పక్క బల్ల ముసలాయన్ని చూసి నేర్చుకున్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసి తలూపుకున్నారు.

"ఈ గింజ ఎక్కడిదంటావ్?" అన్నారు నాన్న. ప్రపంచంలో సగానికి పైగా కోకో ఐవరీ కోస్ట్, ఘనా దేశాల్లోనే పండుతుందని, యూరప్‌కి ఎక్కువగా వచ్చేది అక్కడినుంచేనని చెప్పాను. "వాళ్లూ మనలాగే గంపల్లో పులియబెడతారా?" అన్నారు. అరిటాకుల కిందే కుప్ప పోస్తారన్నాను. ఆ మాటకు చాలా సంతోషించారు. తర్వాత లెక్క మొదలైంది. ఎండిన గింజ బరువు గ్రాము అటూ ఇటూ. "కప్పుకి ఒక కాయ గింజలు పడతాయనుకో. మరి కప్పెంత?" చెప్పాను. ఆయన దాన్ని రూపాయల్లోకి మార్చి, ఆ రూపాయల్ని మళ్లీ అప్పటి మా ఊరి రేటులో గింజల్లోకి మార్చారు. రెండు కిలోలు పైనే తేలింది. "కప్పు కడిగేవాళ్లకి కూడా జీతమివ్వాలిగా," అని ఆయనే సర్దుకుని, అడుగున మిగిలింది చెంచాతో గీకి తిన్నారు.

అక్కడినుంచి లేచి ఇంకో షాపులో ఎస్పెలెట్ మిరప వేసిన చాక్లెట్ బిళ్ల కొన్నాం. అమ్మ ఓటు దానికే. చాక్లెట్ కరిగిపోయాక గొంతులో వెచ్చగా తగిలే కారం. "పొడిగా తింటే లేదు గానీ ఇందులో ఉందే!" అని రెండోది తీసుకుంది. బేకరీలో గాటో బాస్క్ తీసుకుని నీవ్ నది గట్టున కూర్చున్నాం. బయట బిస్కెట్‌లా గుల్లగా ఉండి, లోపల నల్ల చెర్రీల జామ్ పెట్టిన కేకు అది. కస్టర్డ్ పెట్టేదీ ఉంటుంది గానీ, నన్నడిగితే చెర్రీదే తినాలి. చాక్లెట్ తాగిన నోటికి ఆ పులుపు హాయిగా ఉంటుంది. అమ్మ వాటా ముక్క కాగితంలో చుట్టి దాచుకుని, ఆదివారం స్నానం చేసి తింది.

ఆ సంక్రాంతికి నేను ఊరెళ్లేసరికి నాన్న ప్రయోగాలు మొదలుపెట్టేశారు. మూకుట్లో గింజలు వేయించి, పొట్టు తీసి, రోట్లో దంచారు. కోకో గింజలో సగం కొవ్వే, అందుకని దంచుతుంటే పొడి కాకుండా ముద్దయి జిడ్డు తేలుతుంది. ఆ ముద్దని బెల్లం వేసి పాలల్లో మరిగించారు. పలుకుపలుకుగా, ఇసుకలా తగిలింది. దాన్ని మెత్తగా చెయ్యాలంటే రాళ్ల మధ్య గంటలకు గంటలు నూరాలి. చిన్నచిన్న చాక్లెట్ తయారీదారులు విదేశాల్లో కూడా మొదట్లో వాడింది మన ఇడ్లీ పిండి గ్రైండర్లనే అని నోరు జారాను. "నా గ్రైండర్ జోలికొచ్చారంటే ఊరుకోను," అంది అమ్మ ఇద్దర్నీ చూస్తూ. కానీ కవ్వం తనే ఇచ్చింది. నురగ బాగానే వచ్చింది. రుచి సంగతి అడక్కండి. పక్కింటి బాబాయి గ్లాసు సగంలో పెట్టేసి, "జ్వరానికి మంచిదేమోరా," అన్నాడు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లోనే ఉంటున్నాను. పశ్చిమ గోదావరి కోకోతోనే చాక్లెట్ చేసే మనం అనే షాపు 2023లో బంజారాహిల్స్‌లో వచ్చింది. నాన్నను తీసుకెళితే అట్ట మీద మన జిల్లా పేరు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. తిన్నాక, "బాగుంది, గింజ తెలుస్తోంది," అన్నారు. ఆయన దగ్గర అంతకు మించిన సర్టిఫికెట్ లేదు. మరుసటి ఏడాది పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిని, ప్రపంచ మార్కెట్లో కోకో ధర టన్నుకు 10,000 డాలర్లు దాటినప్పుడు మా ఊరి గింజకు కూడా ఎన్నడూ చూడని రేటొచ్చింది. తర్వాత మళ్లీ పడిపోయింది, రైతులు రోడ్డెక్కారు. రేటు బాగా ఉన్న రోజుల్లోనే ఒకసారి నాన్న పొద్దున్నే ఫోన్ చేశారు. కుశల ప్రశ్నలేమీ లేవు.

"ఒరే, బయోన్‌లో నీ స్నేహితులెవరన్నా ఉన్నారా? ఆ కప్పు ఇప్పుడెంతకమ్ముతున్నారో కనుక్కుని చెప్పు. మనం రెండు కిలోలిచ్చాం అప్పుడు. ఇప్పుడు కిలో కూడా ఇవ్వక్కర్లేదనుకుంటా."